తువ్వాలు మీది చీమలు

“నోరు తెరవండి.”

“ఎందుకే?”

“తెరవండి, చెప్తాను.”

మాస్టర్ నోరు తెరిచాడు. బేకరీలో ఉన్నన్నాళ్లూ చేత్తో కేకులూ నోటితో కేకలూ సమంగా తయారుచేసిన మనిషి. అలాంటి నోట్లోకి ఇప్పుడు కట్టుకున్న భార్య టార్చిలైటు వేసి, పోయిన చెవిపోగు కోసం వెతికినట్టు వెతుకుతోంది.

“నాలుక కింద చూడమ్మాయ్,” అంది మాస్టర్ అక్క, కుర్చీలోంచి లేవకుండానే. “బుగ్గ పక్కన కూడా చూడు. చిన్నప్పుడు వీడు చాక్లెట్టు బుగ్గన పెట్టుకునే పాఠం అప్పజెప్పేవాడు.”

“ఆ... ఆఆ... ఓ!” అన్నాడు మాస్టర్. నోరు తెరిచి ఉంచినవాడికి అచ్చులే గాని హల్లులు పలకవు గదా! తన తరఫు వాదనంతా హల్లుల్లోనే ఉండిపోయింది.

భోజనాల బల్ల మీద ఈ రభసకంతటికీ కారణమైన మిషను కూర్చునుంది. అగ్గిపెట్టెకి అన్నయ్యలా ఉంటుంది. వేలి కొసన సూదితో పొడిచి, ఒక్క చుక్క నెత్తురు అంటిస్తే ఒంట్లో షుగరెంతో చెబుతుంది. ఇవాళ మూడు వందల పన్నెండంటోంది. అదీ పరగడుపున! నిన్నా ఇదే వరస, మొన్నా ఇదే.

“షుగరు మెట్లెక్కుతోంది. పొగరు మాత్రం ఒక్క మెట్టు దిగడంలేదు,” అంది అక్క.

అక్క సిటీ బస్సుల్లో టికెట్లు తనిఖీ చేసి రిటైరైంది. అందుకే చుట్టాలందరికీ ఆవిడ చెకింగక్క. ఆవిడకి ఒంట్లో షుగరు లేదు, మాటలో అసలే లేదు.

“అక్కా, ఒట్టు. నేనేం తినలేదు.”

“టికెట్టు తీసుకోని ప్రతివాడూ జేబులు తడుముకుంటూ ఇదే ఒట్టు వేసేవాడురా. బస్సు కిక్కిరిసి ఉన్నా మెడ వెనక చూసి పట్టేసేదాన్ని. నీ మెడ వెనక చెమట పడుతోంది.”

“ఓవెన్ వేడి!”

“ఓవెన్ ఇంకా వెలిగించలేదురా తమ్ముడూ.”

మాస్టరమ్మ టార్చిలైటు ఆర్పేసింది. వీధిలో అందరూ ఆమెను అలాగే పిలుస్తారు. బల్ల మీద గ్లాసెడు నీళ్లు ఎత్తి గటగటా తాగేసి, మళ్లీ నింపుకుని అదీ తాగింది. కోపమొస్తే కొందరు పళ్లు నూరుతారు, కొందరు గిన్నెలు విసురుతారు. ఈమె నీళ్లు తాగుతోందేమిటా అనుకున్నాడు మాస్టర్.

“వాసన కూడా ఏం లేదు వదినా,” అంది చివరికి. గొంతులో కోపం లేదు. అదే మాస్టర్‌ని భయపెట్టింది. “తినకపోతే ఇంకా భయం. తినకుండానే అంత ఉందంటే, నేను పెట్టే తిండే సరిగ్గా లేదన్నమాట.”

“నీ తిండికేమొచ్చిందే!”

“నా కేకే తింటున్నారు రోజూ సాయంత్రం. ఇంకేం తింటున్నారు కొత్తగా? కూరలు అవే, గింజలు అవే. అనుమానం దేనిమీదికి పోవాలి?”

జవాబుగా మాస్టర్ దగ్గర ఒకే ఒక్క మాట ఉంది. అది అతని గొంతు దాటి రావాలంటే ముందు ఆ గొంతుతోనే వేసిన పెద్ద శపథం ఒకటి మింగాలి.

డాక్టరు షుగరని చెప్పిన రోజున, చుట్టాలూ బేకరీ పాత పనివాళ్లూ ఇంటినిండా ఉండగా, మాస్టర్ ఇదే గదిలో నిలబడి కేక పెట్టాడు: “చక్కెర లేని కేకు కేకే కాదు! అది పిండితో చేసిన పిండప్రదానం. నా చేత్తో దాన్ని ముట్టుకోను గాక ముట్టుకోను!”

“మీరు ముట్టుకోకండి, నేను ముట్టిస్తాను,” అని ఆ వారమే ఓవెన్ ముట్టించింది మాస్టరమ్మ.

మొదటి కేకుని తలుపు గాలికి కొట్టుకోకుండా అడ్డం పెట్టుకున్నారు. రెండోది కోయబోతే కత్తి వంగింది. అయినా ఆమె ఆపలేదు. బాదం పిండి, గుడ్లు, డాక్టరు సరేనన్న తీపి పొడి, చెంచాతో కొలిచి ఇంతంటే ఇంతే వేసే ఖర్జూరం ఆపిలు గుజ్జు. చేయగా చేయగా ఇటుక కాస్తా మెత్తబడింది. మెత్తబడి దూదైంది. పక్కింటివాళ్ల నోట్లో పడి, నోటి మాటై, వీధి దాటింది.

ఆ తరవాత ఫోన్లు మొదలయ్యాయి. షుగరు కొత్తగా వచ్చినవాళ్ల గొంతు ఒకలా ఉంటుంది. తప్పు చేసి దొరికిపోయిన పిల్లల్లా మాట్లాడతారు. అలాంటివాళ్లకి కేకు సంగతి తరవాత, ముందు ఒక మాట చెప్పేది మాస్టరమ్మ:

“భయపడకండి. మా ఆయనకీ ఉంది.”

ఆ ఒక్క ముక్కకి అవతల గొంతు తేలికపడేది. అప్పుడు చెప్పేది, మా ఆయన రోజూ ఈ కేకులో ఒక ముక్క తింటారు, రోజూ పొద్దున్నే చూస్తాం, అంకె గీత దాటలేదు అని. అంటే మాస్టర్ వేలి చుక్కే ఆమె దుకాణానికి బోర్డు. ఇప్పుడా బోర్డు తిరగబడింది.

ఆమె ఫోను అందుకుంది.

“ఎవరికి?” అన్నాడు మాస్టర్.

“డ్రైవరుగారికి. సాయంత్రం కేకు లేదని చెప్పేస్తాను.”

“ఏమే! నీకేమైనా...”

“నా ఇంట్లో మనిషికి పడనిది ఇంకొకరింటికి ఎలా పంపను? రేపు ఆయనకేదైనా అయితే?”

డ్రైవరుగారు వెనకవీధిలో ఉంటాడు. అంత పెద్ద లారీని సందుల్లోంచి వెన్నముద్దలా తీసుకెళ్లే మనిషి. ఆయనకీ షుగరే. కిందటి పుట్టినరోజున పిల్లల కోసం కొవ్వొత్తులు ఊది, కేకు కోసే వేళకి పక్కగదిలోకి వెళ్లి కూర్చున్నాడట. ఈసారి అందరితోపాటు కోసుకుని తినాలని, సిగ్గుపడుతూ వచ్చి చెప్పి వెళ్లాడు. వెళ్తూ గుమ్మం దగ్గర ఆగి, “మధ్యలో మెత్తగా ఉంటుందా అమ్మా?” అని అడిగాడు. పెద్ద మీసాలాయన అడగాల్సిన ప్రశ్న కాదది. అందుకే మాస్టర్‌కి గుండెలో గుచ్చుకుంది.

“ఆ ఫోను పెట్టెయ్యి,” అన్నాడు.

“కారణం చెప్పండి పెట్టేస్తాను.”

మాస్టర్ గోడకేసి చూశాడు. గోడ కారణమేదీ అందివ్వలేదు. మనసులో మాత్రం రెండు భయాలు ఒకదాన్నొకటి తోసుకుంటున్నాయి. ఏమీ తినకుండానే ఇంత షుగరుందంటే ఒంట్లో ఏదో పెద్దదే వచ్చి కూర్చుంది. తను ఎక్కువ కాలం ఉండడు. అది చిన్న భయం. తను పోయేలోపే ఆమె ఓవెన్ ఆరిపోతుంది. అది పెద్దది.

“ఆ చెమటైనా తుడుచుకోరా, చూడలేకుండా ఉన్నాను,” అని అక్క లేచి, అతని భుజం మీది తువ్వాలు లాగింది. లాగిందే గాని తుడవలేదు. కెవ్వుమని దాన్ని బల్ల మీదికి విసిరింది.

“చీమలు!”

తువ్వాలు అంచు పొడవునా ఎర్రచీమలు బారులు తీరి ఉన్నాయి. క్యూ తప్పకుండా, ఒకదాన్నొకటి నెట్టుకోకుండా; అక్క కొలువులో ఏనాడూ చూడనంత క్రమశిక్షణగా.

“ఇదిగో టికెట్టు!” అంది చెకింగక్క. ఆవిడ మొహంలో రిటైరవకముందు వెలుగొచ్చింది. “తీపి లేనిచోట చీమకేం పనిరా? మూతి తుడుచుకున్నావు, తువ్వాలుకి అంటింది. ఏం తిన్నావు? హల్వానా? జామా?”

మాస్టరమ్మ ఫోను కింద పెట్టేసింది. తువ్వాలు కేసి చూసింది. మొగుడి కేసి చూసింది. కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

“దొంగచాటుగా తింటున్నారన్నమాట. నేను నా చేతినే తిట్టుకుంటున్నాను. పిండిని అనుమానిస్తున్నాను, గుడ్లని అనుమానిస్తున్నాను, మిమ్మల్ని తప్ప! నేనింత గింజుకుంటుంటే మీకు చీమ కుట్టినట్టయినా లేదా?”

“కుట్టింది,” అన్నాడు మాస్టర్.

“వెటకారమా?”

“కాదే. నిజంగా కుట్టింది. ఇక్కడ.”

కుడి చెయ్యి చాపాడు. చూపుడువేలి కొసన, పొద్దున సూది దిగినచోటికి రవంత పక్కగా, ఒక చీమ తల దించి పని చేసుకుంటోంది. ఇంకొకటి బొటనవేలి మీదుగా దాని సాయానికి వస్తోంది. మూతి మీద ఒక్కటీ లేదు. గడ్డం మీద లేదు. అన్నీ వేళ్ల మీదే.

మాస్టర్ ఆ చీమల్ని చూస్తూ ఉండిపోయాడు. సూది ఈ వేలికే. చుక్క ఈ వేలి నుంచే. చీమ కూడా ఈ వేలి మీదే.

“నీళ్లు పొయ్యి,” అన్నాడు హఠాత్తుగా.

“తాగడానికా?”

“చెయ్యి కడుక్కోడానికి.”

ఆడవాళ్లిద్దరూ మొహాలు చూసుకున్నారు. ఎందుకంటే మాస్టర్ వంటింటి చుట్టుపక్కల చెయ్యి కడుక్కోవడం ఆ ఇంట్లో ఎవరూ ఎరగరు. పని నేర్పిన పాత మేస్త్రీ అతనికి మొట్టమొదట నేర్పింది, తడిచెయ్యి పిండికి పగవాడని. పని మొదలెట్టేముందు ఒకసారి కడుక్కో, ఆ పైన పొద్దుగూకేదాకా తుడుచుకో. జీవితమంతా తుడుచుకునే బతికాడు. మొహమాటమొచ్చినా, కన్నీళ్లొచ్చినా, చేతికి ఏదంటినా భుజం మీది తువ్వాలే.

కుళాయి కింద సబ్బుతో, ఒక్కొక్క వేలూ విడదీసి కడుక్కున్నాడు. తువ్వాలు కోసం భుజం మీదికి పోబోయిన చేతిని ఆపుకుని గాలికి ఆరబెట్టాడు. వచ్చి బల్ల ముందు కూర్చుని వేలు చాపాడు.

“మళ్లీ పొడు.”

“ఎన్నిసార్లు పొడవనండీ, జల్లెడైపోతుంది.”

“ఆ జల్లెడ సంగతే తేలాలి. పొడు!”

సూది దిగింది. మిషను ఆలోచించింది. ముగ్గురి తలలూ దాని మీదికి వంగి ఠక్కున ఢీకొన్నాయి. ఎవరూ అబ్బా అనలేదు.

నూట పద్దెనిమిది.

“మిషను పాడైందే,” అంది అక్క.

“మిషను కాదక్కా, మనిషి. తీపి నా నెత్తుట్లో లేదు, నా వేలికుంది.” మాస్టర్ కుర్చీలో వెనక్కి వాలాడు. ప్రాణం లేచొచ్చింది, పరువు లేచిపోయింది. “ఖర్జూరం గుజ్జు.”

మాస్టరమ్మ కదల్లేదు. “మీ వేలికి నా ఖర్జూరం గుజ్జెందుకు అంటింది?”

ఇక మింగాల్సింది మింగక తప్పలేదు.

“చక్కెరంటే తీపొక్కటే కాదే. తడిని పట్టి ఉంచేది అదే, రంగు తెచ్చేదీ అదే. అది తీసేస్తే ఆ పనంతా గుజ్జు చెయ్యాలి. నువ్వు మిక్సీలో వేస్తే తొక్కలూ పీచూ ఉండిపోతాయి. కేకు పొడిపొడిగా రాలుతుంది. అందుకని... నువ్వు లేవకముందే ఫ్రిజ్‌లోంచి తీసి... సన్న జల్లెడ మీద రుద్ది... మళ్లీ అదే గిన్నెలో పెట్టేసి...”

“మళ్లీ వచ్చి పడుకుని గురక పెట్టేవారు.”

“గురక కొంచెం అతిగా ఉండేదా?”

“ఎన్నాళ్లనుంచి?”

“తలుపుకి అడ్డం పెట్టిన కేకు తరవాత్నుంచి. ఒక్క చెంచా కలపలేదు, ఒక్క చెంచా తీయలేదు, నీ కొలత నీదే. ఇన్నాళ్లూ గరిటెతో రుద్దేవాణ్ని. గరిటె ఎంతైనా గరిటె. ఈ వారం నువ్వు డ్రైవరుగారి కేకుకని రోజూ ఒకటి చేసి చూస్తున్నావు కదా, మధ్యలో మెత్తగా ఉంటుందా అనడిగాడు కదా అని, వేళ్లతో...”

“ముట్టుకోను గాక ముట్టుకోను అన్న వేళ్లతో,” అంది అక్క.

“అక్కా, కాసేపు దిగిపో. నీ స్టాపొచ్చింది.”

మాస్టరమ్మ లేచి వంటింట్లోకి వెళ్లింది. ఫ్రిజ్ తలుపు చప్పుడైంది. ఆ తరవాత ఏ చప్పుడూ రాలేదు. ఆమె తిట్టినా బాగుండునని, గిన్నెలు విసిరినా బాగుండునని మాస్టర్ కూర్చున్నచోటే మెలికలు తిరిగాడు. చివరికి లేచి గుమ్మంలో నిలబడ్డాడు.

ఆమె గుజ్జు గిన్నె ముందు నిలబడి, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య కాస్త గుజ్జు పెట్టి రాస్తోంది. నలుసు లేదు. వెన్నలా జారుతోంది.

“నేను పెట్టినప్పుడు ఇందులో తొక్కలుండేవి,” అంది అటు తిరిగే. “పొద్దున్నకుండేవి కావు. చల్లదనానికి నానిపోతున్నాయనుకున్నాను. అందరూ నీ చెయ్యి తిరిగిందమ్మా అంటుంటే పొంగిపోయాను. తిరిగింది మీ చెయ్యన్నమాట, జల్లెడ మీద.”

“ఛ! అదేం మాట. బేకరీలో జల్లెడ పట్టేవాడు ఎవడైనా ఈ కేకు నాదని అన్నాడా?”

“మీరు అననిచ్చారా?”

మాస్టర్‌కి తన బేకరీ గుర్తొచ్చింది. నిజమే, ఎవణ్నీ అననివ్వలేదు.

“నాకు చెప్పొచ్చుగా,” అంది.

“చెబితే ఒప్పుకున్నట్టవుతుంది కదే.”

“ఏమని?”

మాస్టర్ గొంతు తగ్గించాడు. తగ్గించినా అది పక్కింటికి వినపడేంతే ఉంది. “చక్కెర లేకపోయినా అది కేకేనని. నేను చేసినవాటికంటే... కొన్నిటికంటే... బాగుంటుందని.”

ఆమె భుజాలు కదిలాయి. ఏడుస్తోందనుకుని మాస్టర్ అలవాటుగా తువ్వాలు కోసం తడుముకున్నాడు. భుజం ఖాళీగా ఉంది. ఆమె ఇటు తిరిగింది. నవ్వుతోంది! నవ్వు ఆపుకోలేక మొహం కందిపోయింది.

“మూడు వందల పన్నెండు! వదినా, నేను ఈయన వీలునామా దాకా ఆలోచించేశాను!”

“నాకేం రాసిచ్చావు?” అంది అవతలి గదిలోంచి అక్క.

“ఆ తువ్వాలు. చీమలతో సహా.”

ఆ నవ్వుల్లోనే ఓవెన్ వెలిగింది. డ్రైవరుగారి కేకు లోపలికి వెళ్లింది. ఆ వంటింట్లో మొదటిసారిగా పట్టపగలు, అందరూ చూస్తుండగా, మాస్టర్ ఓవెన్ ముందు గొంతుక్కూర్చుని చెవి ఒగ్గాడు. కాలుతున్న కేకు లోపల సన్నగా చిటపటలాడుతుంది. ఆ చిటపట తగ్గుతూ తగ్గుతూ ఇక ఆగబోతున్న క్షణమే తీయాల్సిన క్షణం. గడియారాన్ని నమ్మని మనిషి, చెవినే నమ్ముతాడు.

“ఏమంటోంది?” అంది మాస్టరమ్మ, గ్లాసుతో నీళ్లు తాగుతూ.

“ఇంకా కబుర్లలో ఉంది.”

చెకింగక్క గుమ్మంలోకి వచ్చింది, చేతిలో మిషనుతో. “ఏమ్మాయ్. పొద్దుట్నుంచి చూస్తున్నాను, అదెన్నో గ్లాసు?”

“ఓవెన్ ముందు దాహం వదినా.”

మాస్టర్ తలెత్తాడు. పొద్దున తన నోట్లో టార్చిలైటు వేసినప్పుడు కూడా తాగింది. రెండు గ్లాసులు. అప్పటికి ఓవెన్ వెలిగించలేదు.

“నీ వేలిటు తే,” అంది అక్క.

“నాకెందుకు వదినా! నాకేముంది?”

“అందరి వేళ్లూ పొడుస్తావు. నీ వేలెప్పుడైనా చూసుకున్నావా?”

“నాకు సూదంటే...” అంటూ ఆమె చెయ్యి వెనక్కి దాచుకుంది. ఊళ్లోవాళ్లకి ధైర్యం చెప్పే మనిషి! మాస్టర్ లేచి, ఆ చెయ్యి ముందుకు తెచ్చి, తన చేతిలో పెట్టుకున్నాడు. అక్క పొడిచింది.

రెండు వందల అరవై నాలుగు.

“గుజ్జు!” అన్నారు ముగ్గురూ ఒకేసారి. ఇందాక గిన్నెలో వేళ్లు పెట్టి చూసింది కదా మరి! అందరూ హాయిగా నవ్వేశారు. మాస్టర్ ఆమెను కుళాయి దగ్గరికి తీసుకెళ్లాడు. తనే సబ్బు రాశాడు. వేలు వేలూ విడదీసి కడిగాడు.

మళ్లీ పొడిచారు. రెండు వందల అరవై.

“సరిగ్గా పోలేదు. ఖర్జూరం జిడ్డు కదా,” అన్నాడు మాస్టర్. మళ్లీ కడిగాడు. గోళ్ల సందుల్లో కడిగాడు. మణికట్టుదాకా కడిగాడు. అక్క “చాలురా” అన్నా వినిపించుకోకుండా కడుగుతూనే ఉన్నాడు.

“వదిలెయ్యండి,” అంది మాస్టరమ్మ మెల్లగా. “పిండి రుచి చూశాను కదా. అందుకే అయ్యుంటుంది.”

“నీ పిండిలో చక్కెర లేదు కదమ్మాయ్,” అంది అక్క. అన్నాక, ఎందుకన్నానా అన్నట్టు పెదవి కొరుక్కుంది.

ఈసారి ఎడమచేతి వేలు. చీమ ఎరగని వేలు, గుజ్జు తాకని వేలు.

మిషను తన మాట మార్చుకోలేదు.

అక్క సూది పక్కన పెట్టింది. “రేపు డాక్టరు దగ్గరికెళ్దాం. ఈ డబ్బా మాట మీద ఏదీ తేల్చక్కర్లేదు,” అంది. ఆవిడ గొంతులో అంత మెత్తదనం ఉందని ఇంట్లో ఎవరికీ తెలీదు.

మాస్టరమ్మ తన వేలి కొసని చూసుకుంటోంది. “షుగరు లేని కేకులు చేసేదానికే షుగరొచ్చిందంటే,” అంది, “నా మాట ఇంకెవరు నమ్ముతారు?”

మాస్టర్ నోరు తెరిచాడు. ఇందాక హల్లులే రాలేదు. ఇప్పుడు అచ్చులు కూడా రాలేదు.

అప్పుడు మోగింది ఫోను.

ఎవరూ కదలకపోతే మాస్టరే ఎత్తాడు. కొత్త గొంతు. ఎవరో ఆడమనిషి. తప్పు చేసి దొరికిపోయిన పిల్లలా ఉంది. “మాస్టరమ్మగారి ఇల్లేనాండీ? నాకు నిన్ననే చెప్పారు... షుగరని... ఎవరో మీ నంబరిచ్చారు...” అని ఆగిపోయి, ముక్కు చీదుకుంది.

మాస్టర్ ఫోను చెవికి పెట్టుకునే భార్య కేసి చూశాడు. ఆ మాటలు అతనికి కంఠతా వచ్చు. తనే చెప్పేయగలడు. కానీ ఏ మాట ఎక్కడ ఆపాలో ఇవాళ అతనికి తెలియలేదు.

“ఇటివ్వండి,” అంది ఆమె.

తడిచేత్తోనే ఫోను అందుకుంది. చెవికి పెట్టుకుంది. ఒక్క క్షణం కళ్లు మూసుకుంది.

“భయపడకండి,” అంది.

ఆ తరవాత రావాల్సిన ‘మా ఆయనకీ ఉంది’ అన్న మాట రాలేదు.

ఓవెన్‌లో చిటపట సన్నబడుతోంది. తీయాల్సిన వేళ దగ్గరపడుతోంది. మాస్టర్‌కి అది వినపడలేదు. ఊపిరి బిగబట్టి, చెవి ఒగ్గి, ఆమె గొంతు కోసం చూస్తున్నాడు.

“మా...” అంది మాస్టరమ్మ. అని, కళ్లు తెరిచి అతని మొహంలోకి చూసింది.